సాలు దాటితే జరిమానా: కంచెల్లేని ఇంగ్లిష్ ఊరు లాక్స్‌టన్

ఏటా నవంబరు చివర్లో ఇంగ్లండ్ మధ్యభాగంలోని నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీలో ఒక చిన్న ఊరి రైతులు కొందరు కలిసి పొలానికి బయలుదేరతారు. చేతుల్లో కర్ర గుంజలు ఉంటాయి. అప్పుడే గోధుమ విత్తిన చేలో సాళ్ల వెంట నడుస్తూ ఎవరి దుక్కి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తారు. ఎవరైనా బండిబాటను కొంత దున్నేశారా? పక్కవాడి చేలోకి ఒక సాలు జరిగారా? ఊరుమ్మడి గడ్డినేలను కొరికారా? అనుమానం వచ్చిన చోట హద్దు చూసి గుంజ పాతుతారు. తప్పు చేసినవారి పేరు రాసుకుంటారు. వారం తర్వాత ఊళ్లోని పబ్‌లో కోర్టు కూర్చుంటుంది. తప్పు తేలితే జరిమానా పడుతుంది.

ఆ ఊరి పేరు లాక్స్‌టన్. జరిమానా చిన్న మొత్తమే. అది వేసే అధికారం మాత్రం చిన్నది కాదు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు వేల ఊళ్లకు ఇలాంటి కోర్టులుండేవి. వాటిని 'కోర్ట్ లీట్' అంటారు. 1977లో వచ్చిన ఒక చట్టం వాటికి మిగిలిన న్యాయాధికారాన్ని దాదాపుగా తుడిచిపెట్టింది. లాక్స్‌టన్‌కు మినహాయింపు దక్కింది. కారణం ఒక్కటే. ఆ కోర్టు ఏ పొలాల కోసం పుట్టిందో ఆ పొలాలు అక్కడ ఇంకా బతికే ఉన్నాయి.

ఇంగ్లిష్ పల్లె అనగానే క్యాలెండర్ బొమ్మలు గుర్తొస్తాయి. పచ్చని గుట్టలు, వాటి మీద గళ్లుగళ్లుగా పరుచుకున్న పొదల కంచెలు, మధ్యలో ఒంటరిగా ఒక రైతు ఇల్లు. అనాదిగా అలాగే ఉందనిపించే ఆ దృశ్యం మధ్య ఇంగ్లండ్‌లో చాలాచోట్ల రెండు మూడు వందల ఏళ్ల నాటిదే. అంతకుముందు పల్లె ఎలా ఉండేదో చూడాలంటే లాక్స్‌టన్‌కు వెళ్లాలి.

మూడు పొలాలు, ఒకే వంతు

లాక్స్‌టన్ చుట్టూ ఇప్పుడు మూడు పెద్ద పొలాలున్నాయి. పడమటి పొలం, మిల్లు పొలం, దక్షిణ పొలం. ఒక్కొక్కటి వందల మీటర్ల పొడవున, నడుమ కంచె లేకుండా పరుచుకుని ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఒకే పెద్ద రైతు సాగులా కనిపిస్తుంది. నిజానికి ప్రతి పొలం లోపల సన్నని, పొడవాటి పట్టీలుగా విడిపోయి ఉంటుంది. ఒక పట్టీ ఒక రైతుది, పక్కది మరో రైతుది. ఒకే రైతుకు మూడు పొలాల్లోనూ అక్కడొకటి, అక్కడొకటి పట్టీలుంటాయి. రెండు పట్టీల మధ్య గట్టు ఉండదు. దుక్కి సాలే హద్దు. అందుకే సాలు జరగడం అక్కడ తగాదా అవుతుంది.

ఒక రైతు భూమిని ఇలా ఎందుకు చెదరగొట్టారు? ఇక్కడి నేల బరువైన బంకమన్ను. మెరక చోటు త్వరగా ఆరుతుంది, పల్లంలో నీరు నిలుస్తుంది. పట్టీలు అన్నిచోట్లా పంచితే మంచి నేల ఒక్కడికే, చెడ్డ నేల మరొకడికే దక్కదు. వాన ఎక్కువైన ఏడాదీ, తక్కువైన ఏడాదీ అందరికీ ఎంతోకొంత చేతికొస్తుంది. బీమా లేని రోజుల్లో ఇదే బీమా.

ఏ పొలంలో ఏం వేయాలో రైతు ఇష్టం కాదు. ఒక పొలంలో అందరూ శీతాకాలపు గోధుమ వేస్తారు. రెండో దానిలో బార్లీ లాంటి వసంతకాలపు పంట. మూడోది బీడు. మరుసటి ఏడు వంతు మారుతుంది. పూర్వం బీడు పొలంలోకి ఊరి పశువులన్నింటినీ తోలేవారు. తెలుగు రైతులు గొర్రెల మంద కట్టించుకున్నట్టే, ఆ పశువుల ఎరువుతో నేల మళ్లీ సారం పుంజుకునేది. ఇప్పుడు బీడు వంతులో పశువుల మేతకు గడ్డి పెంచుతున్నారు. మూడేళ్ల చక్రం మాత్రం ఆగలేదు.

దున్నడానికి వీలుకాని పల్లపు చోట్లను 'సైక్'లు అంటారు. అవి ఎవరికీ సొంతం కాని గడ్డినేలలు. నాగలి, రసాయనాలు తగలని చోట్లు కాబట్టి ఇతర పొలాల్లో కనుమరుగైన పూలమొక్కలు వాటిలో మిగిలాయి. వాటి గడ్డిని ఏటా వేసవిలో వేలం వేస్తారు. ఊళ్లో పూర్వపు బందెలదొడ్డి కూడా ఉంది. చేలో పడిన పశువును తెచ్చి అందులో కట్టేస్తే, యజమాని డబ్బు కట్టి విడిపించుకోవాల్సి వచ్చేది. ఆ తగాదా ఎలా ఉంటుందో తెలుగు పల్లెలో పెరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు.

మన ఎకరం పుట్టిన చోటు

తెలుగు రాష్ట్రాల్లో ప్రతి పాస్‌బుక్కులోనూ ఉండే 'ఎకరం' ఇలాంటి పొలాల్లోంచి వచ్చిన కొలతే. ఎడ్ల జతలు కట్టిన బరువైన నాగలిని మలుపు తిప్పడం కష్టం. అందుకని తిప్పకుండా ఎంత దూరం పోగలిగితే అంత పొడవున సాలు తీసేవారు. ఆ సాలు పొడవే ఫర్లాంగు, అంటే 220 గజాలు. ఆ మాటకు అర్థమే 'సాలు పొడవు'. దాన్ని 22 గజాల వెడల్పుతో హెచ్చిస్తే 4,840 చదరపు గజాలు, అంటే ఒక ఎకరం. దాదాపు ఒక రోజు దుక్కి. ఆ 22 గజాలే క్రికెట్ పిచ్ పొడవు కూడా.

ఆంధ్రలో ఎకరాన్ని 100 సెంట్లుగా, తెలంగాణలో 40 గుంటలుగా లెక్కిస్తారు. భాగాలు ఏవైనా, మూల కొలత బ్రిటిష్ సర్వేతో వచ్చిన ఆ ఇంగ్లిష్ సాలే. ఎకరం సన్నగా, పొడుగ్గా ఎందుకు పుట్టిందో లాక్స్‌టన్ పట్టీలను చూస్తే అర్థమవుతుంది.

మిగతా ఊళ్లు ఏమయ్యాయి?

మధ్య ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లు ఒకప్పుడు ఇలాగే ఉండేవి. వాటిని మార్చింది ప్రకృతి కాదు, పార్లమెంటు. 1604 నుంచి 1914 మధ్య ఉమ్మడి పొలాలకు, ఉమ్మడి నేలలకు కంచెలు వేసేందుకు 5,200కు పైగా చట్టాలొచ్చాయి. వాటి కిందకు వచ్చిన భూమి దాదాపు 68 లక్షల ఎకరాలు. ఇంగ్లండ్ విస్తీర్ణంలో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ.

ప్రతి చట్టం ఒక ఊరికో, కొన్ని ఊళ్లకో సంబంధించింది. పెద్ద భూస్వాములు అర్జీ పెడతారు. చట్టం కాగానే కమిషనర్లు వస్తారు, సర్వే జరుగుతుంది. చెదిరి ఉన్న పట్టీలన్నీ కలిపి ఒక్కొక్కరికి ఒకేచోట కమతం ఇస్తారు. చుట్టూ కంచె వేసుకోవాలి. ఆ ఖర్చు చిన్న రైతు భరించలేకపోతే అమ్ముకోవాలి. ఉమ్మడి నేలలో ఆవును మేపుకునే, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే పేదల హక్కు చాలాసార్లు కాగితం మీద లేదు. కాగితం మీద లేని హక్కుకు పరిహారం లేదు. కవి జాన్ క్లేర్ పుట్టిన హెల్ప్‌స్టన్ ఊరికి 1809లో అలాంటి చట్టం వచ్చింది. చిన్ననాడు తిరిగిన నేల కంచెల వెనక్కి పోవడం చూసిన ఆ కూలీ కొడుకు జీవితమంతా ఆ నష్టం గురించే రాశాడు.

కంచెలను సమర్థించినవారి వాదనలోనూ కొంత నిజముంది. తన కమతం తన చేతిలో ఉన్న రైతు కొత్త పంట వేయగలడు, మురుగు కాల్వ తవ్వగలడు, మేలు జాతి పశువులను వేరుగా పెంచగలడు. ఊరంతా ఒప్పుకునే దాకా ఆగక్కర్లేదు. దిగుబడి ఎంత పెరిగిందన్న దానిపై చరిత్రకారుల్లో వాదోపవాదాలున్నాయి. లాభం ఎక్కువగా ఎటు వెళ్లిందన్న దానిపై అంత వివాదం లేదు. అది భూస్వాముల వైపే వెళ్లింది.

కంచెలతో పాటు ఊరి రూపమే మారింది. భూమి ఒకచోటికి చేరాక చాలామంది రైతులు ఊరొదిలి తమ పొలం మధ్యలో ఇల్లు కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో రైతు ఇళ్లు ఒంటరిగా కనిపించడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. లాక్స్‌టన్‌లో ఆ అవసరం రాలేదు. పట్టీలు ఊరికి అన్ని వైపులా ఉన్నప్పుడు ఏ పొలంలో ఇల్లు కట్టుకుంటారు? అందుకే రైతు ఇళ్లు ఇప్పటికీ ఊరి వీధి వెంటే ఉంటాయి. ఎర్ర ఇటుక గోడలు, వెనక కొట్టాలు, వాటి వెనక పొడవాటి దొడ్డి. ఇంగ్లండ్‌లో వింతగా చెప్పుకునే ఈ అమరిక తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఊళ్లో ఇల్లు, ఊరి బయట పొలం మనకు మామూలే.

లాక్స్‌టన్ ఎలా మిగిలింది?

1635లో ఈ ఊరికి ఒక పటం తయారైంది. అప్పటి యజమాని, లండన్ వ్యాపారి సర్ విలియం కోర్టెన్ కోసం మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన ఆ పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ప్రతి పట్టీ, దాన్ని సాగు చేసేవారి వివరం అందులో దొరుకుతాయి. దున్నేవాళ్ల, కోత కోసేవాళ్ల చిన్న చిన్న బొమ్మలు కూడా ఉన్నాయి. అప్పటికి పట్టీలు రెండు వేలకు పైగా ఉండేవి.

18వ శతాబ్దంలో చుట్టుపక్కల ఊళ్లన్నీ కంచెల్లోకి వెళ్తుంటే లాక్స్‌టన్ ఆగిపోవడానికి కారణం రైతుల పోరాటం కాదు. ఊరి భూమి రెండు పెద్ద జమీల మధ్య చీలి ఉండేది. పంపకంపై ఆ రెండు కుటుంబాలకు పొత్తు కుదరలేదు. ఆ చిక్కు తీరేనాటికి కంచెల ఊపు తగ్గింది, తర్వాత వ్యవసాయానికి గడ్డుకాలం వచ్చింది. అంత ఖర్చు పెట్టే ఉత్సాహం ఎవరికీ లేకపోయింది. నాలుగు పొలాల్లో తూర్పుది, మరికొంత భూమి కంచెల్లోకి పోయాయి. 20వ శతాబ్దం మొదట్లో చిన్న పట్టీలను కలిపి పెద్దవి చేశారు. ఇప్పుడవి రెండు వందలకు లోపే. యంత్రంతో దున్నడానికి వీలుగా ఉన్నందుకే అవి బతికాయని కూడా చెప్పవచ్చు.

1938లో ఓర్విన్ దంపతులు ఈ ఊరి ఆధారంగా ఉమ్మడి పొలాలపై రాసిన పుస్తకం వచ్చాక లాక్స్‌టన్ విలువ దేశానికి తెలిసింది. 1952లో యజమాని ఎర్ల్ మాన్వర్స్ ఊరిని అమ్మాల్సి వచ్చినప్పుడు వ్యవసాయ మంత్రిత్వ శాఖే కొన్నది. 1981లో అది క్రౌన్ ఎస్టేట్ చేతికి వెళ్లింది. రాజు పేరున ఉన్నా, లాభం ప్రభుత్వ ఖజానాకు చేరే ఆస్తుల సంస్థ అది. 2020లో ఆ సంస్థ లాక్స్‌టన్‌ను అమ్మేసింది. కొన్నది మాన్వర్స్ వారసత్వానికి చెందిన థోర్స్‌బీ ఎస్టేటే. దాదాపు 70 ఏళ్లకు ఊరు పాత జమీ గూటికే చేరింది.

ఈ చేతులు మారిన కాలమంతా పొలంలో పని చేసింది కౌలు రైతులే. భూమి వాళ్లది కాదు. ఆ భూమిని ఎలా వాడాలన్న నియమం మాత్రం వాళ్ల చేతుల్లో ఉంది. కోర్ట్ లీట్‌కు అధ్యక్షుడిగా ఎస్టేటు తరఫున స్టీవార్డ్ కూర్చుంటాడు. తప్పులు చూసేది, జరిమానా నిర్ణయించేది ఊరివాళ్ల జ్యూరీ. ఆ ఏడు ఏ పొలానికి గోధుమ వంతు వచ్చిందో దాన్నే తనిఖీ చేస్తారు. అంటే ఏ పొలమైనా మూడేళ్లకోసారి ఊరి కంట్లో పడక తప్పదు.

'ఉమ్మడిది పాడైపోతుంది' అన్న మాట

1968లో అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ఒక వ్యాసం రాశాడు. అందరికీ తెరిచి ఉన్న పచ్చికలో ప్రతివాడూ తన మంద పెంచుకుంటూ పోతాడనీ, చివరికి పచ్చిక నాశనమవుతుందనీ వాదించాడు. ఉమ్మడి ఆస్తి అంటే ఎవరికీ పట్టని ఆస్తి అన్న అభిప్రాయం ఆ వ్యాసంతో బలపడింది. ప్రైవేటుకైనా ఇవ్వాలి, ప్రభుత్వమైనా తీసుకోవాలి అన్న విధానాలకు అది ఆసరా అయింది.

లాక్స్‌టన్ లాంటి ఊళ్లలో ఉమ్మడి నేల ఎప్పుడూ 'అందరికీ తెరిచి' లేదు. ఎవరికి హక్కుందో, ఎన్ని పశువులు తోలవచ్చో, ఎప్పుడు తోలాలో ముందే రాసి ఉండేది. ఎలినార్ ఆస్ట్రమ్ దశాబ్దాల పాటు పలు దేశాల్లో చేపల వేట, అడవులు, సాగునీరు, పచ్చికల పంపకాన్ని పరిశీలించి తేల్చింది ఇదే. హద్దులు స్పష్టంగా ఉంటే, నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకుంటే, కాపలా వాళ్లే కాస్తే, శిక్ష చిన్నదిగా మొదలైతే ఉమ్మడి ఆస్తి శతాబ్దాలు నిలుస్తుంది. ఆ కృషికి 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమే. ఆమె చెప్పిన షరతులను లాక్స్‌టన్ నవంబరు తనిఖీ పక్కన పెట్టి చూస్తే ఒక్కొక్కటీ సరిపోతుంది. చిన్న జరిమానా ఎందుకు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. డబ్బు కంటే, పొరుగు రైతుల ముందు పేరు చదివించుకోవడమే అసలు శిక్ష.

ఈ కథకు భారతదేశంతో పాత సంబంధమే ఉంది. 1862 నుంచి 1869 దాకా వైస్రాయి మండలిలో న్యాయ సభ్యుడిగా పనిచేసిన హెన్రీ మెయిన్, తిరిగి వెళ్లాక 1871లో తూర్పు, పడమర గ్రామ సమాజాలను పోలుస్తూ పుస్తకం ప్రచురించాడు. యూరప్‌లో అంతరించిన ఉమ్మడి పల్లె ఇండియాలో ఇంకా బతికుందన్నది ఆయన భావన. అంతకుముందే 1830లో చార్లెస్ మెట్‌కాఫ్ భారత గ్రామాలను చిన్న గణతంత్రాలుగా వర్ణించాడు. విచిత్రం ఏమిటంటే, అదే పాలన దున్నని ఉమ్మడి నేలను 'వేస్ట్' అని పత్రాల్లో రాసింది. ఆ మాట ఇంగ్లిష్ మేనర్ చట్టం నుంచి వచ్చిందే. మన బంజరు, పోరంబోకు భూములను 'ఖాళీ భూములు'గా చూసే అలవాటు వెనక ఆ చూపు కొంత ఉంది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

అయితే పల్లెను పొగిడే ముందు ఆగాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ మెట్‌కాఫ్ వర్ణనను ప్రస్తావించి మరీ తోసిపుచ్చారు. ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం అన్నారు. ఊరుమ్మడిలో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అన్నది అసలు ప్రశ్న. లాక్స్‌టన్ చరిత్రలోనూ అందరూ సమానులు కారు. ఎక్కువ పట్టీలున్న రైతు, ఒకట్రెండే ఉన్న రైతు, గుడిసె తప్ప ఏమీ లేని కూలీ ఒకే వీధిలో ఉండేవారు. వాళ్లందరి పైనా జమీ ఉండేది. ఆ ఊరు నేర్పే పాఠం సమానత్వం గురించి కాదు. పంచుకున్న నేలను పాడు కాకుండా ఎలా కాపాడుకోవాలన్న దాని గురించి.

ఇక ముందు?

ఇంగ్లండ్‌లో ఇప్పుడు గ్రామీణ ప్రాంతాల్లో ఉండేవారు జనాభాలో 17 శాతం వరకే. వాళ్లలోనూ సేద్యంతో బతికేవారు కొద్దిమందే. అందమైన ఊళ్లలో ఇళ్లు పట్నం ఉద్యోగులు, రిటైరైనవాళ్లు కొంటున్నారు. దుకాణం, పోస్టాఫీసు, పబ్ ఒక్కొక్కటిగా మూతపడటం చాలా ఊళ్ల అనుభవం. కొన్నిచోట్ల ఊరివాళ్లే కలిసి కొనుక్కుంటున్నారు. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్‌లో ఓల్డ్ క్రౌన్ పబ్‌ను 2003లో సహకార పద్ధతిలో కొన్నారు. 2011 నాటి స్థానికత చట్టం ఇలాంటి ఆస్తులు అమ్మకానికొస్తే బేరం పెట్టడానికి ఊరికి గడువు ఇస్తోంది. పోయిన ఉమ్మడితనాన్ని మరో రూపంలో వెతుక్కునే ప్రయత్నం అది.

లాక్స్‌టన్ సమస్య వేరు. అక్కడ ఉమ్మడితనం ఉంది, దాన్ని నడిపే రైతులు తగ్గిపోతున్నారు. పశువులూ పంటలూ కలిపి చేసే చిన్న కమతాలకు రాబడి అంతంత మాత్రమే. యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాక, ఎకరాల లెక్కన రైతులకిచ్చే పాత సాయాన్ని ఇంగ్లండ్ 2021 నుంచి దశలవారీగా తగ్గిస్తూ వచ్చింది. దాని స్థానంలో పర్యావరణ సేవలకు చెల్లింపులు తెచ్చింది. సైక్‌ల లాంటి గడ్డినేలలున్న ఊరికి అందులో కొంత మేలుండవచ్చు. పట్టీలు పట్టీలుగా చేసే సాగుకు పట్టే అదనపు సమయానికి మాత్రం మార్కెట్ ధర కట్టదు.

రైతులు తగ్గితే జ్యూరీ తగ్గుతుంది. ఇద్దరు ముగ్గురే పొలమంతా సాగు చేస్తే పక్కపక్క పట్టీలు ఒకే చేతిలోకి వస్తాయి, సాలు దాటినా అడిగేవాడు ఉండడు. అప్పుడు కోర్టు ఉంటుంది గానీ దానికి పని ఉండదు. సందర్శకులు ఫొటో తీసుకునే వేడుకగా మిగులుతుంది. చట్టం ఆ కోర్టును కాపాడింది, ప్రభుత్వం ఒకసారి ఆ ఊరిని కొని కాపాడింది. పక్కవాడి సాలు మీద కన్నేసి ఉంచేంత మంది పొరుగు రైతులు అక్కడ మిగులుతారా అన్నది ఇప్పుడు చట్టం మీద కాదు, అక్కడి కౌళ్ల మీద, గోధుమ ధర మీద, తల్లిదండ్రుల పట్టీలను అందుకోవడానికి వచ్చే పిల్లల మీద ఆధారపడి ఉంది.